మెల్లగా ఎత్తు

మా వీధిలో అందరికీ నాకు గ్యాస్ ట్రబుల్ అని చెప్పాం. వన్ టౌన్‌లో ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పక్కింట్లో పోపు వేస్తే మనింట్లో తుమ్ములొస్తాయి. అలాంటిచోట ఓ మనిషి నెలల తరబడి గడప దాటకపోతే ఏదో ఒక రోగం పేరు చెప్పక తప్పదు. షుగరంటే ఎంతుందని అడుగుతారు. గుండె అంటే పళ్ళు పట్టుకుని చూడ్డానికొస్తారు. గ్యాసంటే ఎవరూ ఏమీ అడగరు. అందుకని మా ఆవిడ అప్పలనర్స ఆ పేరు ఎంచుకుంది.

అసలు రోగం పేరు డిప్రెషన్. ఇప్పుడు ఆ మాట రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. మొన్నామధ్య క్లినిక్‌లో నా పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన, తన చెప్పులకేసి చూసుకుంటూ, "మీకెలాగ తగ్గిందండీ" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా లోపలికి పిలిచారు. బయటికొచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు. ఆయనకి చెప్పాల్సింది నాలో ఉండిపోయింది. రాస్తే ఆయనలాంటి ఇంకెవరైనా చదువుతారని ఇలా కూర్చున్నాను.

నా పేరు పైడిరాజు. పోర్టులో సిగ్నల్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యాను. క్రేన్ నడిపేవాడు ఎక్కడో పైన క్యాబిన్‌లో ఉంటాడు. ఓడ అడుగున సరుకెక్కడుందో, మనుషులెక్కడున్నారో అతనికి కనపడదు. మన మాట వినపడదు. ఓడ అంచున నిలబడి కిందికీ పైకీ చూస్తూ చేత్తో సైగలు చేసేవాడే సిగ్నల్‌మ్యాన్. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. వేలు కిందికి చూపిస్తూ తిప్పితే దించమని. అరచెయ్యి అడ్డంగా చాపితే ఆపమని. తిరిగే వేలికి పైన రెండో అరచెయ్యి పట్టి ఉంచితే మెల్లగా అని. ఈ నాలుగు సైగలతోనే నా పెళ్ళి, పిల్ల చదువు, ఇల్లు అన్నీ అయ్యాయి.

మాకు నేర్పిన మొదటి రూలు, అనుమానం వస్తే ఆపు. ఎత్తమనీ దించమనీ సిగ్నల్‌మ్యానే చెప్పాలి. ఆపమని మాత్రం దారినపోయేవాడు చెయ్యి చాపినా క్రేన్ ఆగాల్సిందే. ఈ రూలు పుణ్యమా అని ఎంతోమంది సాయంత్రానికి ఇల్లు చేరారు. నేను మాత్రం ఈ రూలు పట్టుకునే మంచమెక్కాను. అదెలాగో చెబుతాను.

*జూన్, జూలై*

రిటైరైన కొత్తలో బాగానే ఉన్నాను. పొద్దున్నే పాలకి వెళ్ళేవాణ్ణి, మోటారు వేసేవాణ్ణి, మేడమీద బట్టలు ఆరేసేవాణ్ణి. కూతురు ఈశ్వరి గాజువాకలో కాపురముంటోంది, ఆదివారాలు వచ్చిపోతుంది. ఏ లోటూ లేదు. అలాంటిది ఆ ఏడు ఎండలు తగ్గి చినుకులు పడే రోజుల్లో ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి పోయింది. చేపల పులుసు కూడా నోట్లో గడ్డిలా ఉండేది. కారణమేమిటని అందరూ అడిగారు. చెప్పుకోడానికి ఒక్క కారణమూ లేకపోవడం ఇంకా సిగ్గుగా ఉండేది.

పొద్దున్న మంచం దిగబోతే లోపల్నించి ఎవరో అరచెయ్యి అడ్డంగా చాపినట్టుండేది. బయటికెళ్తే కళ్ళు తిరిగి పడిపోతావేమో. ఎవరైనా పలకరిస్తే ఏం చెబుతావు. ఇవాళ్టికి వద్దులే. అనుమానం వస్తే ఆపు. ఉద్యోగమంతా ఆ సైగకి ఎదురుచెప్పని మనిషిని, ఆగిపోయేవాణ్ణి. మర్నాడూ అంతే.

మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఒంట్లో బాగోలేదంటే ప్రేమ చూపించే పద్ధతి ఒకటుంది. చేతిలో పని లాగేసుకోవడం. "నువ్వు తొంగో మావా, నాను సూసుకుంతాను" అని అప్పలనర్స పాల గిన్నె తీసుకుంది. తర్వాత మోటారు, తర్వాత బట్టలు. ఈశ్వరి వచ్చినప్పుడల్లా, "నాన్నా, నువ్వు లెగకు, నీకేటి కావాలో అడుగు" అనేది. నాకేమీ అక్కర్లేదు. అందరూ కలిసి నన్ను జాగ్రత్తగా పడుకోబెట్టారు. నేనూ బుద్ధిగా పడుకున్నాను.

నా పనులన్నీ వెళ్ళి మా ఆవిడ కుడి మోకాలి మీద పడ్డాయి. ఆ మోకాలు అప్పటికే అరిగిపోయి ఉంది. మార్పించాలని, ఆలస్యం చేస్తే రెండోదీ పాడవుతుందని ఎముకల డాక్టరు ముందే చెప్పాడు. ఆపరేషనంటే ఆవిడ మంచం మీద ఉండాలి, నేను తిరగాలి. నేనే మంచం మీద ఉంటే ఎవరు తిరుగుతారు? "మావ లెగిసి తిరిగినాక సూద్దాం" అని ఆవిడ డాక్టరుకి చెప్పేసింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ లేవలేకపోయాను. ఈ రోగంలో అన్నిటికన్నా నన్ను తినేసింది అదే.

*ఆగస్టు*

సీతమ్మధారలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఉందని ఈశ్వరి కనుక్కుంది. నన్ను ఆటోలో ఎక్కించడానికే తల్లీకూతుళ్ళకి ఓ పూట పట్టింది. క్లినిక్ హాల్లో అప్పలనర్స కొంగు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, తెలిసినవాళ్ళు చూస్తారని. అక్కడున్న వాళ్ళంతా ఎవరికివాళ్ళు ఇంకొకరికి తోడు వచ్చినట్టే కూర్చున్నారు. నాకు చెమటలు పడుతుంటే ఎవరో ఒకావిడ లేచి ఫ్యాను కింది కుర్చీ ఇచ్చింది. "కూకో అన్నా, నాకిక్కడ సలేత్తంది" అంది. ఆగస్టు ఉక్కలో చలేమిటని నాకు నవ్వు రావాల్సింది, కానీ ఏడుపొచ్చింది. ఆవిడ పేరు పోలమ్మ అని, జాలరిపేటలో చేపలమ్ముతుందని తర్వాత తెలిసింది.

డాక్టరమ్మ నిదానంగా మాట్లాడింది. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగింది. మా ఆవిడ గుండె పట్టుకుంది. ఇలా ఉండేకంటే పోతే బాగుణ్ణని కొన్నిసార్లు అనిపిస్తోందని నేనూ సూటిగానే చెప్పాను. ఆ మాట బయటపడ్డాక కొంచెం ఊపిరాడింది. ఇది చదువుతున్న మీకెవరికైనా అలా అనిపిస్తుంటే దాచుకోకండి, ఇవాళే ఎవరికో ఒకరికి చెప్పండి.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. రోజూ నడవాలి, వారానికి రెండుసార్లు తమ మేడమీద పెద్దవాళ్ళచేత చేయించే వ్యాయామానికి రావాలి అంది. ఓపిక వచ్చాక వస్తానన్నాను.

"ఓపిక వచ్చాక చేసేది కాదు పైడిరాజు గారూ. ఇదీ మందే. రుచిగా ఉంటేనే తాగుతానంటే ఎలా? మాత్రలు మానొద్దు, ఇదీ మానొద్దు."

అప్పుడు నా గోడు చెప్పాను. పొద్దున్నే లోపల్నించి ఆపమని సైగ వస్తోందనీ, ఆ సైగని కాదనడం నాకు చేతకాదనీ, నా ఉద్యోగం ఎలాంటిదో అంతా చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టి విన్నది. "మరి ఆపేశాక, ఆ లోడు ఏం చేస్తారు?" అని అడిగింది.

"గాల్లో వొగ్గీకూడదమ్మా. కిందోళ్ళకి పెమాదం. మెల్లగా ఎత్తడవో, మెల్లగా దించడవో సెయ్యాల."

నేను పక్కకి తిరిగి చూశాను. అప్పలనర్స నా మాటలు వింటూ, చీర మీంచే మోకాలు నొక్కుకుంటోంది.

*సెప్టెంబరు*

అంతా తెలిసిపోయింది కదా, మర్నాటినుంచి గంతులేశాననుకోకండి. తెలియడం వేరు, లేవడం వేరు. ఈశ్వరి ఒకరోజు బలవంతంగా బీచికి తీసుకెళ్ళింది. అక్కడ నా వయసువాళ్ళు తెల్లబూట్లేసుకుని గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. వాళ్ళని చూస్తుంటే నాకు ఒళ్ళు ముడుచుకుపోయింది. బెంచీ మీద కూర్చుని, అట్నుంచటే ఇంటికొచ్చి పడుకున్నాను. మాత్రలు మాత్రం వేళకి వేసుకునేవాణ్ణి, అది ఆవిడ చూసుకునేది కాబట్టి.

అప్పుడొచ్చాడు మా బావమరిది సత్తిబాబు. అప్పలనర్సకి తమ్ముడు. పోర్టులో నేను సైగ చేస్తే పైన క్రేన్ నడిపింది ఎక్కువకాలం వాడే. మోతలో కూర్చుని కూర్చుని చెవులు పాడుచేసుకున్నాడు. మల్కాపురంలో ఉంటాడు. నాకు గ్యాస్ ట్రబులనే వాడికీ చెప్పాం. అది పట్టుకుని వాము తెచ్చాడు.

"ఏటి బావా, కొత్త పెళ్ళికూతుర్లాగ మంచం దిగవేటి?"

ఏదో గొణిగాను. వాడికి వినపడలేదు. "ఏటీ? గట్టిగా సెప్పు." గట్టిగా చెప్పే శక్తి లేదు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ గొణిగాను. వాడికి చిర్రెత్తుకొచ్చింది. లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడి, నాకేసి తిరిగి, కుడిచెయ్యెత్తి చూపుడువేలు తిప్పాడు. ఎత్తు.

నేను వాణ్ణే చూస్తున్నాను. మళ్ళీ తిప్పాడు. చెయ్యి వేలాడిపోతోంది. మోచెయ్యి పక్కటెముకలకి అంటుకుపోయింది. వేలు గాల్లో ఈగని తోలినట్టుంది. అలాంటి సైగ చూసి ఏ ఆపరేటరైనా లోడు ఎత్తితే ఓడ గోడకి కొట్టేస్తాడు. అన్నేళ్ళు నా చేతికేసి చూస్తూ కూర్చున్నవాడు నేర్చుకున్నది ఇదా? నాకు ఒళ్ళు మండిపోయింది. మంచం దిగి, గుమ్మం దాకా నడిచివెళ్ళి, వాడి మోచెయ్యి పట్టుకుని పైకి లాగాను.

"అలగ కాదెహె. మోసెయ్యి బిగించు. బుజం కాడికి రావాల. పైనున్నోడికి ఏటి కనబడతాది నీ సెయ్యి?"

వాడు నా మొహంలోకి చూశాడు. తర్వాత వంటింటికేసి తిరిగి, "అక్కా, బావ నన్ను తిట్టీసినాడే" అని కేకేశాడు. అప్పలనర్స వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. తమ్ముడికి కలిపిన టీ గ్లాసు చేతిలోనే ఉంది. నేను గుమ్మంలో నిలబడి ఉండడం ఆవిడ చూసి చాలా రోజులైంది. సత్తిబాబు మోచెయ్యి బిగించి, మళ్ళీ వేలు తిప్పి, వీధిలోకి నడిచాడు. నేను వాడి వెనకాల వీధి చివర పాలబూత్ దాకా వెళ్ళి వచ్చాను.

వాడు కావాలనే అలా పిచ్చిసైగ చేశాడా అని ఇప్పటికీ అడుగుతుంటాను. "నిజంగా మర్సిపోనాను బావా" అంటాడు. నేను నమ్మను.

*అక్టోబరు*

సత్తిబాబు రోజూ మొదటి బస్సుకి వచ్చేవాడు. వాకిట్లో నిలబడి సైగ చేసేవాడు. నేను తిట్టుకుంటూ లేచేవాణ్ణి. ముందు పాలబూత్, తర్వాత పాత పోస్టాఫీసు, తర్వాత ఫిషింగ్ హార్బర్ రోడ్డు. నడుస్తున్నంతసేపూ బాగుందని చెబితే అబద్ధం. కాళ్ళు బరువు, మనసు బరువు, ఎదురయ్యే ప్రతి మనిషీ బరువు. "గ్యాసెలాగుంది పైడిరాజూ" అని అడిగేవాళ్ళొకరు. తగ్గుతోందని చెప్పేవాణ్ణి.

వారానికి రెండుసార్లు సీతమ్మధార మేడమీద వ్యాయామం. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవడం, కూర్చోవడం, రబ్బరు పట్టీ లాగడం, గోడ పట్టుకుని మడమలెత్తడం. ఫిజియోథెరపీ అమ్మాయి నవ్వుతూ చెయ్యమనేది. నాకు నవ్వు రాక ఇబ్బందిపడుతుంటే పక్కనున్న పోలమ్మ, చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ అంది. "నవ్వు రాకపోతే నవ్వొద్దన్నా. సెయ్యెత్తు, సాలు. నవ్వు దాని పాటికది ఎప్పుడో ఒస్తాది." పెనిమిటి పోయాక ఆవిడ ఏడాదిపాటు గంప ముట్టుకోలేదట. ఇప్పుడు మళ్ళీ బేరానికి వెళ్తోంది. ఆ మాట నాకు డాక్టరమ్మ మందు చీటీ అంత పనిచేసింది.

ముందు తిరిగొచ్చింది నిద్ర. తర్వాత ఆకలి. తర్వాత కోపం కూడా వచ్చింది, పులుసులో ఉప్పు తక్కువైందని అన్నాను. ఆ పూట మా ఆవిడ పక్కింటి గోడ దగ్గరికెళ్ళి, "మావ కూరకి పేరెట్టినాడు" అని సంబరంగా చెప్పుకుంది. సంతోషమనేది అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది, అదీ వచ్చీపోతూ.

*నవంబరు వానలు*

సముద్రంలో వాయుగుండం పట్టి ముసురు పట్టుకుంది. బస్సుల్లేవు, సత్తిబాబు రాలేదు. వ్యాయామం క్లాసు కూడా మూసేశారు. మొదటిరోజు వానే కదా అని పడుకున్నాను. రెండోరోజు అలవాటైన అరచెయ్యి లోపల అడ్డంగా చాపుకుంది. మూడోరోజుకి మళ్ళీ నేను ఆగస్టులో ఉన్నాను. ఇన్నాళ్ళూ చేసిందంతా వాననీళ్ళలో కొట్టుకుపోయిందనిపించింది. మీకూ ఇలా జరుగుతుంది, అప్పుడు నా మాట గుర్తుచేసుకోండి, కొట్టుకుపోదు.

ఆ మధ్యాహ్నం కాస్త తెరిపిస్తే అప్పలనర్స మేడమీద బట్టలు ఆరేసింది. అంతలో మళ్ళీ చినుకులు. కిటికీలోంచి నాకు మెట్లు కనిపిస్తాయి. ఆవిడ తడిబట్టలు ఒళ్ళో పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికొస్తోంది, చంటిపిల్లలు దిగినట్టు. నేను చూస్తున్నానని ఆవిడకి తెలీదు. ఓ చోట ఆగి, కళ్ళు మూసుకుని, మోకాలు పట్టుకుంది.

లేవబోయాను. అరచెయ్యి అడ్డొచ్చింది. అప్పుడు నాకు నిజంగా కోపమొచ్చింది. ఎవడు ఈ చెయ్యి చాపేది? దారినపోయేవాడు చాపినా ఆగాలి, నిజమే, ఆగాను. కానీ ఆగిన లోడు మళ్ళీ కదలాలంటే ఆ సైగ సిగ్నల్‌మ్యానే ఇవ్వాలి. ఈ ఇంట్లో సిగ్నల్‌మ్యాన్ ఎవరు? నేనే కదా. దుప్పటి తీసి, కుడిచెయ్యెత్తి, మోచెయ్యి బిగించి, దాని పైన ఎడమ అరచెయ్యి పట్టి, నాకు నేనే వేలు తిప్పుకున్నాను. మెల్లగా ఎత్తు. ఎవరైనా చూసుంటే ఈసారి గ్యాసు తలకెక్కిందనుకునేవారు.

వానలో మెట్లెక్కి ఆవిడ ఒళ్ళోంచి బట్టలు తీసుకున్నాను. చెయ్యిచ్చి లేపాను.

"ఆపరేసనికి డేటు తీసుకుందాం," అన్నాను.

"నాను ఆస్పటల్లో తొంగుంటే నిన్నెవలు సూత్తారు?"

"నన్నెవలూ సూడక్కర్లేదు. నిన్ను నాను సూత్తాను."

ఆవిడ నమ్మలేదని మొహంలో తెలిసింది. నమ్మించడానికి నాకు రెండు నెలలు పట్టింది. వానగా ఉంటే వరండాలోనే నడిచాను, కుర్చీలోంచి లేచి కూర్చున్నాను. పాల గిన్నె తిరిగి లాక్కున్నాను, మోటారు లాక్కున్నాను, మేడ ఎక్కడం ఆవిడకి పూర్తిగా మాన్పించాను. "ఒంట్లో బాగోనోడివి" అని ఆవిడ అన్నప్పుడల్లా, "అందుకే సేత్తన్నాను" అనేవాణ్ణి. ఈశ్వరికి కూడా చెప్పాను, ప్రేముంటే నా చేతిలో పని పెట్టమని. మీ ఇళ్ళల్లోనూ నాలాంటివాళ్ళుంటే అదే చెయ్యండి. పడుకోమనకండి, పాలకి పంపండి, తోడు వెళ్ళండి.

*ఫిబ్రవరి*

మాత్రలు ఇంకా వాడుతున్నాను. తగ్గించడం డాక్టరమ్మ చూసుకుంటుంది, నేను చెయ్యిపెట్టను. కొన్ని పొద్దున్నల్లో ఆ అరచెయ్యి ఇప్పటికీ అడ్డం వస్తుంది. వచ్చిందని ఒప్పుకుని, కాసేపు ఆగి, మెల్లగా లేస్తాను.

ఆపరేషన్ బాగా జరిగింది. రాత్రి తోడు ఈశ్వరి ఉంటానంటే ఒప్పుకోలేదు, నేనే ఉన్నాను. మర్నాడు పొద్దున్నే నడిపించాలని నర్సు వాకర్ తెచ్చిపెట్టింది. అప్పలనర్స మంచం అంచున కూర్చుని నేలకేసి చూసింది. మొహం పాలిపోయింది.

"నాకొద్దు మావా. నాను లెగలేను. పడిపోతాను."

ఆ గొంతు నాకు తెలుసు. నెలల తరబడి నా లోపల మాట్లాడింది అదే. నేను ఆవిణ్ణి బతిమాలలేదు, ధైర్యం చెప్పలేదు. వెనక్కి నాలుగడుగులు వేసి వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డాను. చొక్కా చేతులు మడుచుకున్నాను. కుడిచెయ్యెత్తి, మోచెయ్యి బిగించి, ఎడమ అరచెయ్యి దాని పైన పట్టి, వేలు తిప్పాను.

పోర్టు లోపలికి మా ఇళ్ళవాళ్ళని రానిచ్చేవారు కాదు. ఇన్నేళ్ళ కాపురంలో నా పని ఆవిడ ఒక్కసారీ చూడలేదు. సాయంత్రం వచ్చి కడుక్కునే చేతులు చూసిందంతే. ఇప్పుడు నా వేలికేసే చూస్తూ వాకర్ పట్టుకుంది. లేచింది. నొప్పికి పళ్ళు బిగించింది గానీ చూపు తిప్పలేదు. నేను వెనక్కి అడుగేస్తే ఆవిడ ముందుకి అడుగేసింది. అరచెయ్యి చాపితే ఆగింది. ఊపిరి తీసుకున్నాక మళ్ళీ కదిలించాను. గుమ్మం పక్కన నర్సు కుర్చీ వేసింది. వేలు కిందికి తిప్పి, మెల్లగా, మెల్లగా కూర్చోబెట్టాను.

ఆవిడ చెమట తుడుచుకుని నా చేతులకేసి చూసింది.

"ఇదేనేటి నువ్వు ఓడ మీద సేసినావు?"

"ఇదే."

నర్సు వాకర్ పక్కకి తియ్యబోతే ఆవిడ దాన్ని గట్టిగా పట్టుకుంది.

"అప్పుడే దించీసినావేటి మావా," అంది. "ఇంకోపాలి ఎత్తు."